లేని రివిజన్

డిజైన్ ఆఫీసు చెకర్‌ని మూడో అంతస్తు మెట్ల మీద నుంచి తోసేశారు. పడ్డాక కూడా చేతిలో ఎర్ర పెన్సిల్ అలాగే ఉంది. కాలు జారి పడ్డాడని డాక్టర్ రాసేశాడు. నలభై ఏళ్ళు అవే మెట్లు ఎక్కి దిగినవాడు, డ్రాయింగ్‌లో వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేసేవాడు, కాలి కింద మెట్టు చూసుకోలేదట! చెవిలో పువ్వు పెట్టుకున్నవాళ్ళు నమ్మాలి.

పెద్దాయన నమ్మలేదు. ఆయన గూఢచారి విభాగానికి అధిపతి. మర్నాడు ఉదయం తొమ్మిదికి ఏజెంట్ రబ్బర్‌ని పిలిపించాడు. రబ్బర్ ఒకప్పుడు డ్రాఫ్ట్స్‌మన్. గీసిందానికన్నా చెరిపింది ఎక్కువని ఆ పేరు పెట్టింది చనిపోయిన చెకరే.

"కూర్చోకు, టైమ్ లేదు. నిన్న మన సబ్‌మెరైన్ మునిగింది. అడుగున పదకొండుమంది బతికున్నారు. గాలి సాయంత్రం దాకే. సరిగ్గా పదకొండింటికి రెస్క్యూ క్యాప్సూల్ దిగుతుంది. పైలట్ ఎవరో తెలుసుగా?"

తెలుసు. అక్క మొగుడు.

"పోయినవారం ఓవర్‌హాల్‌లో ఆ క్యాప్సూల్‌కి కొత్త పార్టులు వేశారు. అందులో ఒకదాన్ని శత్రువుల కోసం పనిచేసే తూనీగ ముఠా మార్చింది. పార్ట్ పేరు మారలేదు, నంబరు మారలేదు. డ్రాయింగ్ దిద్దినప్పుడల్లా ఏ, బీ, సీ అని వేసే రివిజన్ అక్షరం ఒక్కటే మారింది. కంప్యూటర్‌లో క్యాప్సూల్ మొత్తం డ్రాయింగ్ ఆ కొత్త రివిజన్‌ని బుద్ధిగా లాక్కుంది, వర్క్‌షాప్ అంతకన్నా బుద్ధిగా తయారుచేసింది. చెకర్‌కి అనుమానం వచ్చి నిన్న మొత్తం లిస్ట్ అడిగాడు. గంటలో పోయాడు."

"మొత్తం ఎన్ని పార్టులు?"

"నాలుగు వేల రెండొందల పన్నెండు."

"క్యాప్సూల్ ఆపెయ్యండి సార్!"

"ఆపితే కింద పదకొండుమంది పోతారు. ఆపకపోతే అందులో వెళ్ళే ముగ్గురూ తిరిగి రారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏ పార్టో తేల్చు, స్పేర్ వేసి దించుదాం. ఆ ఆఫీసులో మన మనిషి ఉంది, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్. ముఠాలో చేరినట్టు నటిస్తూ మనకి కబుర్లు అందిస్తోంది. కోడ్: కాగితం ఇరుక్కుందా? జవాబు: రోలర్ అరిగింది."

రబ్బర్ నీలం యూనిఫాం తొడుక్కుని, మీసం అంటించుకుని, డ్రాయింగులు అచ్చేసే ప్లాటర్ మిషన్‌కి మెకానిక్ అయ్యాడు. జేబులో వెర్నియర్ కాలిపర్ వేసుకున్నాడు. కొలతలు తియ్యడం దానికి చాలా చిన్న పని.

దారంతా బావే గుర్తొచ్చాడు. బావ లెక్కలో తను ప్రింటర్ ఇంకు అమ్ముకునే దద్దమ్మ. డిపార్ట్‌మెంట్ తగిలించిన వేషం అది. అక్కకి ఆపరేషన్ అయినప్పుడు వస్తానని రాలేకపోయాడు. "నీ మాట నీళ్ళ మీద రాత!" అని బావ మొహం మీదే తలుపు వేసి రెండేళ్ళయింది. ఆ కోపం న్యాయమైనదే కాబట్టి రబ్బర్‌కి ఇప్పటికీ మండుతూనే ఉంది.

డిజైన్ ఆఫీసులో ఎవరూ తలెత్తలేదు. చచ్చిన మనిషి కుర్చీ పక్కనుంచి నడిచేటప్పుడు మాత్రం అందరూ కాస్త వంగి నడుస్తున్నారు. కన్సల్టెంట్ ఎదురొచ్చింది. పట్టులా జారే జుట్టు, ఎర్రటి లిప్‌స్టిక్, చూపు తిప్పుకోనివ్వని నడక.

"కాగితం ఇరుక్కుందా?"

"రోలర్ అరిగింది. రండి," అంది ఆమె.

పది దాటి అయిదు నిమిషాలు. ఆమె లిస్ట్ తెరిచింది. "నెలలో మారినవి ఆరొందలు. ఒక్కోటి తెరిచి చూద్దాం."

మొదటి మోడల్ తెరుచుకోవడానికి రెండు నిమిషాలు. రెండోదానికి మూడు. స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది. పదిన్నరయ్యేసరికి చూసినవి పది. ఈ లెక్కన బావ సంవత్సరీకానికి లిస్ట్ పూర్తవుతుంది! ఈమె ఎందుకింత నిమ్మకు నీరెత్తినట్టుంది?

అప్పుడు కనబడింది, చెకర్ టేబుల్ మీద స్టీల్ స్కేలు. రబ్బర్ వేళ్ళ కణుపులు జివ్వుమన్నాయి. ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఆ స్కేలుతో తిన్న దెబ్బ! ఎందుకు తిన్నాడో గుర్తొచ్చి కీబోర్డు లాక్కున్నాడు. రివిజన్ కాలమ్‌లో ఒకే ఒక్క అక్షరం వెతకమన్నాడు: ఐ.

నాలుగు వేల వరసలు మాయమయ్యాయి. ఒక్కటి మిగిలింది. బ్యాలస్ట్ రిలీజ్ పిన్, రివిజన్ ఐ.

మోడల్ తెరిచాడు. క్యాప్సూల్ పైకి రావాలంటే కింద వేలాడే ఇనప దిమ్మల్ని వదిలెయ్యాలి. పైలట్ లివర్ లాగితే ఆ పిన్ ఊడొచ్చి దిమ్మలు పడిపోతాయి. ఈ కొత్త పిన్‌కి మెడ దగ్గర సన్నటి గాడి ఉంది. లాగగానే తల తెగుతుంది. దిమ్మలు అలాగే ఉంటాయి. బావ అక్కడే ఉండిపోతాడు.

"అది సరైనదే," అంది కన్సల్టెంట్. "చెకర్ నా ఎదురుగానే సంతకం పెట్టాడు. హెచ్ అయిపోయింది, ఐ వేశాడు. అందులో ఏముంది?"

"ఐ వేసినందుకే నా వేళ్ళు విరగ్గొట్టబోయాడమ్మా ఆయన! ఐ చూడ్డానికి ఒకటి అంకెలా ఉంటుందని డ్రాయింగుల్లో ఎవరూ వాడరు. హెచ్ తర్వాత నేరుగా జే. మెడ మీద కత్తి పెట్టినా ఆయన ఐ వెయ్యడు."

అప్పటికే ఆమె లిప్‌స్టిక్ గొట్టం అతని నుదుటికి గురిపెట్టి ఉంది. అందులోంచి వచ్చేది రంగు కాదు.

"ఛ! మా వాళ్ళకి ఎవరూ చెప్పలేదు," అంది.

"అడిగితే ఆయనే చెప్పేవాడు. తోసేశారుగా!"

కాలిపర్ మీద బొటనవేలు నొక్కాడు. దాని దవడలు విచ్చుకుని ఆమె మణికట్టునీ ప్లాటర్ కడ్డీనీ కలిపి కరిచాయి. గుండు సీలింగ్‌లోకి పోయింది. ఆఫీసంతా టేబుళ్ళ కిందకి దూరింది.

"టైమెంతో చూసుకో," ఆమె పళ్ళు నూరింది. "క్యాప్సూల్ దించే డాక్‌కి ముందే చెప్పాను, పిచ్చివాడెవడో ఫోన్ చేస్తాడని."

పది యాభై ఆరు. పెద్దాయన ఫోన్ ఎంగేజ్. ప్రభుత్వ లైనంటే అంతే! డాక్ సూపర్‌వైజర్ ఎత్తాడు.

"పిన్ సంగతేగా? స్క్రీన్ మీద రిలీజ్డ్, అంటే వాడొచ్చని, ఆకుపచ్చగా ఉంది. ఎవడివయ్యా నువ్వు?"

చెప్పే వీల్లేదు. "పైలట్ బావమరిదిని. ఇంట్లో చావు. ఒక్క నిమిషం కలపండి."

గరగరమంటూ క్యాప్సూల్ లైను కలిసింది.

"ఎవరురా? ఎవరు పోయారు?" కంగారుగా అడిగాడు బావ.

"ఎవరూ పోలేదు. నువ్వే పోబోతున్నావ్. సీటు కింద లివర్ దగ్గర పిన్ తల ఉంటుంది. టార్చ్ వేసి అక్షరం చూడు."

"సిగ్గులేదురా నీకు? ఇంకు అమ్ముకునేవాడికి క్యాప్సూల్‌తో ఏం పని? పెట్టెయ్!"

"తర్వాత తన్ను. నేను అబద్ధాలకోరునే, ఒప్పుకుంటున్నా. అక్క మీద ఒట్టు, ఈ ఒక్కటీ నిజం. చూడు బావా, నీ కాళ్ళు పట్టుకుంటా!"

అతను ఏడుస్తున్నాడు. ఏజెంట్లు ఏడవకూడదని రూలుంది. ఆ రూలు రాసినవాడికి అక్క లేదేమో. అవతల క్రేన్ కీచుమంటోంది. క్యాప్సూల్ సగం మునిగింది.

"ఐ అని ఉంది," అన్నాడు బావ.

"మెడ దగ్గర?"

"గాడి... ఒరేయ్, ఇదెవడు పెట్టాడు?" తర్వాత అరుపు, "క్రేన్ ఆపండి! ఆపండంటున్నా!"

పదకొండుకి ఇంకా ఎనిమిది సెకన్లు.

స్పేర్ పెట్టెలో పాత హెచ్ పిన్ దొరికింది. పావుగంటలో బిగించారు. మధ్యాహ్నం రెండింటికి లివర్ లాగితే దిమ్మలు పడ్డాయి, క్యాప్సూల్ పదకొండుమందితో పైకొచ్చింది. రబ్బర్ అప్పటికీ చెకర్ టేబుల్ దగ్గరే ఉన్నాడు. ఎర్ర పెన్సిల్ చెక్కి స్కేలు పక్కన పెట్టి, వేళ్ళ కణుపులు ముద్దు పెట్టుకున్నాడు.

సాయంత్రం బావ ఫోన్ చేశాడు.

"నిజం చెప్పు. నువ్వేం పని చేస్తావ్?"

పెద్దాయన ఎదురుగా కూర్చుని కళ్ళురుముతున్నాడు.

"ఇంకు అమ్ముతాను బావా."

అవతల బావ ముక్కు చీదుకున్నాడు.

"సరే. అయితే ఆదివారం ఇంటికిరా. మా ప్రింటర్ ఆర్నెల్లుగా పనిచెయ్యట్లేదు. బాగుచెయ్యకపోయావో, అప్పుడు చెప్తా నీ సంగతి."

ఏజెంట్ రబ్బర్‌కి ఆ రోజంతటిలో మొదటిసారి నిజంగా భయమేసింది. ప్రింటర్ బాగుచెయ్యడం అతనికి బొత్తిగా రాదు.