పతకంలో రెండో రాయి

జూన్ పదకొండు. మైపాడు బస్టాండు పక్కన హోటల్లో ఆ మధ్యాహ్నం ఎండు రొయ్యలు వేసిన వంకాయ కూర, మామిడికాయ పప్పు, ఆఖర్న మజ్జిగ. ఏజెంట్ చంద్రమౌళికి ఆ భోజనం ప్రతి మెతుకూ గుర్తుండిపోయింది. ఎదురుగా కూర్చున్న తిమోతి మజ్జిగ తాగాడు. చెయ్యి కడుక్కోవడానికి లేవబోయి కూలిపోయాడు.

తిమోతి జువ్వలదిన్నె హార్బర్‌లో బోటు ఇంజన్ల మెకానిక్కు. ఒక విదేశీ ముఠా తన చేత చిన్న చిన్న పనులు చేయించుకుంటోందని గ్రహించి, తనంతట తానే చంద్రమౌళి పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంటుకు కబురు పెట్టినవాడు. కింద పడ్డాక అతడి నోటి నుంచి వచ్చినవి రెండే ముక్కలు.

"మా సంఘం బోట్లు పన్నెండు సార్. ఒకదాని కింద బాంబు పెట్టినారు... కోడు, గోమేధికం."

ఆపైన మాట రాలేదు. కుడిచేతి బొటనవేలు మాత్రం చూపుడువేలి నడి కణుపును గట్టిగా నొక్కి అలాగే బిగుసుకుపోయింది. నొప్పికి కాబోలు అనుకున్నాడు చంద్రమౌళి. హోటల్ యజమాని తన భుజం మీది కొత్త తుండు తీసి తిమోతి ముఖం మీద కప్పాడు. ఎవరూ చెప్పకుండానే.

ఆ బల్ల దగ్గర మూడో మనిషి ఏంజెలిన్. డిపార్ట్‌మెంట్ కోడ్ ఎక్స్‌పర్ట్. విదేశంలో బైబిలు మీద డాక్టరేట్. ముత్యపు రంగు సిల్కు చీర, నల్ల కళ్ళద్దాలు, వేలికి ఎర్రరాయి ఉంగరం. కౌంటర్ దగ్గర్నుంచి మజ్జిగ గ్లాసులు తెచ్చి పెట్టింది ఆమే.

సాయంత్రానికి మజ్జిగలో విషమని తేలింది, అనుమానం హోటల్ వాళ్ళ మీదికి పోయింది. చీఫ్ పద్మనాభయ్య లైన్లోకి వచ్చాడు.

"తిమోతి ఫోన్లో ముఠా ప్లాను వివరాలు, ఒక డ్రోన్ ఫోటో దొరికాయి. చూశావా?"

"చూశాను సార్. పన్నెండు బోట్లు. వరుసకు మూడు, నాలుగు వరుసలు."

"రెండు నెలల వేట నిషేధం పద్నాలుగుతో ఆఖరు. పదిహేను తెల్లవారగానే బోట్లు బయలుదేరతాయి. హార్బర్ ముఖద్వారంలో మన గస్తీ నౌక ఉంటుంది. బాంబున్న బోటు దాని పక్కకు రాగానే రిమోట్ నొక్కుతారు. బోటులో ఎనిమిది మంది."

"పన్నెండూ వెతికిస్తే?"

"రిమోట్ మనిషి గట్టు మీదే ఉంటాడు. అనుమానం వస్తే అక్కడే నొక్కేస్తాడు. రిమోట్ సిగ్నల్‌ను ఆపడానికి నీకిచ్చిన జామర్ రేంజ్ మూడు మీటర్లు. బ్యాటరీ తొంభై సెకన్లు, ఆలోగా మన డైవర్ కింద వైర్లు తెంచాలి. ఒక్క బోటు, ఒక్క ఛాన్స్."

ఏంజెలిన్ ఫోటో మీద గోరు ఆనించింది. "బైబిల్లో పన్నెండు రాళ్ళంటే ప్రకటన గ్రంథం, మౌళీ. కొత్త యెరూషలేము గోడ పునాదులు. గోమేధికం ఎనిమిదోది. మూడో వరుస, నడుమ బోటు. నీకు ఇవన్నీ తెలియవులే."

తెలియవు. అందుకే నమ్మాడు.

జూన్ పద్నాలుగు సాయంత్రం చంద్రమౌళి ఐసుబాక్సులు అమ్మే ఏజెంటు వేషంలో జువ్వలదిన్నె చేరాడు. జేబులో తిమోతి చేతిగడియారం ఉంది. దాన్ని అతడి తల్లికి అప్పగించాలి.

అబిగయీలు ముప్పై ఏళ్ళుగా సండేస్కూలు టీచరు. చేతులకు గాజులు లేవు, చెవులకు కమ్మలు లేవు. వాళ్ళ సంఘంలో నగలు పెట్టుకోరు. గుమ్మంలోనే అతడిని ఆపేసింది.

"ఐసుబాక్సులు అమ్మేవోడి బూట్లు ఇట్టా ఉండవయ్యా. నా పెద్దోడిని చంపించినావు. ఇప్పుడు చిన్నోడి కోసం వచ్చినావా?"

చిన్నోడు రాజ్ కుమార్. పన్నెండు బోట్లలో ఒకదానికి డ్రైవరు.

"కాపాడాలనే వచ్చానమ్మా."

"నీ కాపుదల చూసినాంలే. పక్కన కూచోని మజ్జిగ తాగించే కాపుదల."

అతడు గడియారాన్ని మెట్టు మీద పెట్టాడు. ఆమె ముట్టుకోలేదు. అక్కడే చతికిలబడి కళ్ళు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. బొటనవేలు చూపుడువేలి మొదటి కణుపు మీద ఆగింది. తర్వాత నడి కణుపు మీద.

చంద్రమౌళి ఆ వేళ్ళ దగ్గరికి వంగాడు.

"అమ్మా, వేళ్ళ మీద ఏమిటది?"

"ప్రార్థన కూడా చేసుకోనీయవా?"

"తిమోతి చనిపోతూ ఇలా పట్టుకున్నాడు." తన చెయ్యి చాపి చూపించాడు.

ఆమె అతడి వేళ్ళను దగ్గరగా చూసింది.

"గోమేధికం," అంది.

ఆ మాట అతడు ఆమె దగ్గర ఎత్తనే లేదు.

"బైబిల్లో దేవుడి సేవ చేసే ప్రధాన యాజకుడి రొమ్ము పతకంలో నాలుగు వరుసలు, వరుసకు మూడు రాళ్ళు. మనకు నాలుగు వేళ్ళు, వేలికి మూడు కణుపులు. బిడ్డలకు నేను అట్టనే నేర్పించినా. మొదటి వేలు మాణిక్యం, గోమేధికం, మరకతం. రాయికొక గోత్రం పేరు చెక్కి, ఆ పేర్లన్నీ గుండె మీద మోసుకోని దేవుడి ముందుకు పోవాల యాజకుడు. ఒక్కరిని కూడా మరిచిపోకూడదని. సోకుకి కాదయ్యా ఆ రాళ్ళు."

"ప్రకటన గ్రంథంలో ఎనిమిదోది అని చెప్పారు..."

"అవి పట్నం గోడ పునాదులు. ఒకదాని తర్వాత ఒకటి వరసాగ్గా ఉంటాయి. మూడేసి, నాలుగు వరుసలు అంటే పతకమే. నా దగ్గర చదివినోడు ఆ రెండూ కలపడు. ఎవురు చెప్పినారు నీకు?"

చంద్రమౌళి జేబులోంచి డ్రోన్ ఫోటో బయటికి తీశాడు. మొదటి వరుస, నడుమ బోటు.

"అది మా చిన్నోడిదే," అంది అబిగయీలు.

మజ్జిగ గ్లాసు పెట్టిన చెయ్యి అతడికి గుర్తొచ్చింది. ఆ చేతికున్న ఎర్రరాయి ఉంగరమూ. రిమోట్ అదే కావాలి. ఏంజెలిన్‌ను నమ్మిన తప్పును దాచకుండా చెప్పేశాడు.

"రేపు ఆమె మీ ప్రార్థనకు వస్తుందమ్మా. రాజ్ కుమార్‌కు చెప్పకండి. వాడు దిగి పరిగెత్తినా, మేము ఆమెను పట్టుకోబోయినా నొక్కేస్తుంది."

"నా బిడ్డను బాంబు మీద నిలబెట్టి, దాని పక్కన నన్ను ప్రార్థన చెయ్యమంటావు."

అతడు ఫోటో జేబులో పెట్టుకున్నాడు.

"పో," అందామె.

పదిహేను ఉదయం ఐదున్నర. హార్బర్ గట్టు మీద ఆడవాళ్ళు, బోట్ల మీద మగవాళ్ళు. పాస్టర్ పరంజ్యోతి మైకు సరిచేసుకుంటున్నాడు. వైర్లు తెంచాల్సిన డైవర్ కామాక్షయ్య చీకటి ఉండగానే నీళ్ళలోకి దిగాడు. చంద్రమౌళి భుజాన టీ ఫ్లాస్కు వేలాడుతోంది. జామర్ దాని అడుగు అరలో ఉంది.

మొదటి వరుస నడుమ బోటులోకి దూకాడు.

"ఐసుబాక్సులు అమ్ముకునేదానికి ఇదేనా టైము? దిగన్నా! మొదటి దినం పూట నీ బేరమేంది?" రాజ్ కుమార్ కసిరాడు.

"బాక్సు వద్దులే, టీ తాగు." ఫ్లాస్కు మూత తిప్పాడు, అడుగున జామర్ ఎర్ర దీపం వెలిగింది. కాలర్ మైకులో గుసగుసగా, "కామాక్షయ్యా, తొంభై."

గట్టు మీద ఏంజెలిన్ కళ్ళద్దాలు తీసింది. అతడు ఉండవలసింది మూడో వరుసలో. ఆమె కుడిచేతి బొటనవేలు ఎర్రరాయి వైపు కదిలింది.

"అందరూ చేతులు కలపండి," అన్నాడు పాస్టర్.

బయలుదేరే ముందు గట్టు మీది ఆడవాళ్ళంతా చేతులు పట్టుకుని నిలబడడం అక్కడి అలవాటు. ఏంజెలిన్ ఎడమచేతిని పక్కనున్న జాలరి భార్య కరుణాకుమారి అందుకుంది. కుడిచేతిని, ఉంగరంతో సహా, అబిగయీలు పిడికిట్లోకి లాక్కుంది.

"వదలండి!"

"ప్రార్థనలో చెయ్యి విడిపించుకోకూడదమ్మా. అంత చదివినదానివి, తెలీదా?"

"నొప్పి పుడుతోంది!"

"పుట్టనీ. నా బిడ్డకూ పుట్టింది."

ఏంజెలిన్ గోళ్ళు ముసలి అరచేతిలో దిగాయి. రక్తం వచ్చింది. పట్టు సడలలేదు.

ఫ్లాస్కులో ఎర్ర దీపం ఆరిపోయింది. తొంభై సెకన్లు అయిపోయాయి.

"ఇంకో వైరు ఉంది సార్," చెవిలో కామాక్షయ్య.

చంద్రమౌళి కదల్లేదు. రాజ్ కుమార్ టీ ఊదుకుంటున్నాడు. ఇప్పుడు ఆ ఎనిమిది ప్రాణాలకూ అడ్డం ఒక తల్లి పిడికిలి. ఏంజెలిన్ బొటనవేలు మెలికలు తిరిగి రాయి అంచును తాకింది.

"తెగింది సార్!"

"ఆమేన్," అన్నాడు పాస్టర్. చేతులు విడిపోయాయి. ఏంజెలిన్ రాయిని నొక్కింది. మళ్ళీ నొక్కింది. గట్టు చివర నీళ్ళలో ఒక చేప ఎగిరిపడింది, అంతే. గుంపులో కలిసి ఉన్న మఫ్టీ పోలీసులు వచ్చి ఆమెకు చెరో పక్కన నిలబడ్డారు.

"నీ ఉంగరంలోది గాజురాయమ్మా," అంది అబిగయీలు. "పన్నెండింటిలో అది లేదు."

ఆ సాయంత్రం ఏడున్నరకు పద్మనాభయ్య ఫోన్. "రిపోర్టు రాస్తున్నాను. బ్యాటరీ పోయాక వాడిన గ్యాడ్జెట్ ఏమిటి?"

"చెయ్యి సార్."

"మోడల్?"

"పాతది."

ఎనిమిదికి చంద్రమౌళి ఆ గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపల పచ్చి చేపల పులుసు వాసన. రెండు నెలల తర్వాత మొదటి వేట.

"గట్టిగా మాట్లాడబాక. చిన్నోడు నిద్రపోతుండాడు," అంది అబిగయీలు. అరచేతికి గుడ్డ కట్టుకుని ఉంది. "నిన్ను క్షమించినాననుకోబాక."

"అనుకోలేదమ్మా."

ఆమె లోపలికెళ్ళి మూత పెట్టిన స్టీలు గిన్నె తెచ్చి అతడి చేతిలో పెట్టింది. "గిన్నె మళ్ళా తెచ్చియ్యాల."

వంగి మెట్టు మీది గడియారాన్ని తీసుకుంది. కొంగుతో అద్దం తుడిచి గుండెకు ఆనించుకుంది. తర్వాత తలుపును చప్పుడు కాకుండా మూసింది, చిన్నోడి కోసం. గడియ మాత్రం వేసింది, చంద్రమౌళి కోసం.