రెండు లెక్కల క్లాసులు, ఒక్క అమ్మ

శనివారం పొద్దున జెనెల్ హౌగెన్ పెనం మీద పాన్‌కేక్ తిరగేస్తూ ఉండగా, పదిహేనేళ్ళ కూతురు బ్రిట్టా వచ్చి బల్ల మీద ఒక ఫారం పెట్టింది. ఊరికే పడేసి పోలేదు. సిరప్ సీసా పక్కకు జరిపి, కాగితం మడతలు సాపు చేసి, సరిగ్గా అమ్మ కూర్చునే చోట పెట్టి, పక్కన పెన్ను కూడా ఉంచింది. వచ్చే ఏడు ఏ క్లాసులు తీసుకుంటావని బడివాళ్ళు అడిగే ఫారం అది. సోమవారంలోగా ఇచ్చెయ్యాలి.

ఆ ఫారంలో ఏముందో జెనెల్‌కు ఒకరు చెప్పక్కర్లేదు. ఉత్తర డకోటాలో గోధుమ పొలాల మధ్య ఉన్న ఆ చిన్న ఊరి హైస్కూలుకు లెక్కల టీచరు ఆవిడ ఒక్కతే. తొమ్మిదిలో ఆల్జీబ్రా, పదిలో జామెట్రీ, పదకొండులో రెండో ఆల్జీబ్రా, పన్నెండులో కాలిక్యులస్‌కు ముందు చదవాల్సిన లెక్కలు, ఇలా ఏడాదికొకటి చొప్పున పిల్లలు నడుస్తారు. ఆ వరస దాటి పదో తరగతిలోనే జామెట్రీ, రెండో ఆల్జీబ్రా రెండూ కలిపి చదవాలంటే టీచరు సిఫారసు కావాలి. తొంభై శాతం ఉంటేనే సిఫారసు. ఇప్పుడు తొమ్మిదిలో ఉన్న బ్రిట్టాకు ఎనభై ఎనిమిది వచ్చింది. "సిఫారసు చేయడం లేదు" అన్న గడిలో గురువారం నాడే జెనెల్ టిక్కు పెట్టేసింది.

"తల్లిదండ్రుల సంతకం అని కింద ఇంకో గీత ఉందమ్మా" అంది బ్రిట్టా. "టీచరు వద్దన్నా ఇంట్లోవాళ్ళు సరేనంటే ఇస్తారట."

"ఇస్తారు. టీచరు మాట కాదని ఎవరూ సంతకం పెట్టొద్దని నేనే ఏటా అందరికీ చెప్తాను."

"ఆ టీచరంటే నీకంత భయమేంటమ్మా?"

బూట్లకంటిన మంచు దులుపుకుని లోపలికొచ్చిన ఆర్లన్ ఆ మాటకు పకపకా నవ్వాడు. పెళ్ళాం మొహం చూసి వెంటనే ఆపేశాడు.

"నన్ను మధ్యలోకి లాగకండి" అన్నాడు, కాఫీ పోసుకుంటూ. "అయినా రెండో లెక్కల క్లాసుకి బ్యాండు పీరియడ్ మానేస్తుందటగా? ఆ క్లారినెట్ గోల తప్పుతుందంటే నేను పది సంతకాలు పెడతాను."

"నువ్వు పెడతావని తెలుసు నాన్నా. నాకు అమ్మదే కావాలి."

బ్రిట్టాకు వాతావరణ శాస్త్రం చదవాలని కోరిక. మూడేళ్ళ క్రితం తమ పొలంలో కోతకొచ్చిన గోధుమంతా పావుగంట వడగళ్ళకు నేలపాలైనప్పుడు, తండ్రి మొహం చూసిన రోజున పుట్టిన కోరిక అది. ఆ చదువుకు కాలిక్యులస్ కావాలి. హైస్కూలు చివరి ఏడాదికి కాలిక్యులస్ అందుకోవాలంటే వచ్చే ఏడు రెండు లెక్కలూ ఒకేసారి చదవాలి. ఇప్పుడు తప్పితే ఇక బళ్ళో ఉండగా కుదరదు.

జెనెల్ పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంది. ఫారం ముట్టుకోలేదు.

"డెలానీ గుర్తుందా నీకు?" అంది.

"గుర్తుంది."

"దాన్ని రెండూ చదవమన్నది నేనే. బంగారంలాంటి పిల్ల. క్రిస్మస్ నాటికి నా క్లాసులో నిద్రపోయేది. ఏప్రిల్‌కి, లెక్కలంటేనే అసహ్యం మిసెస్ హౌగెన్ అని నా మొహానే అంది. సరుకుల కొట్లో పనిచేసే వాళ్ళమ్మ, నేను డబ్బులిస్తుంటే ఇప్పటికీ తలెత్తి చూడదు. ఇంకో పిల్లని అలా చెయ్యమంటావా? అందులోనూ నిన్ను?"

"అయితే మార్కులు చాలకే వద్దన్నానని ఎందుకన్నావు?"

"చాలలేదు కాబట్టి."

బ్రిట్టా లేచి గదిలోకి వెళ్ళింది. అలిగి పోయిందనుకున్నారు. రెండు కాగితాలు పట్టుకొచ్చి అమ్మ ముందు పక్కపక్కన పరిచింది. ఫిబ్రవరి పరీక్ష పేపర్లు. ఒకటి తనది, ఒకటి స్నేహితురాలు మారెన్‌ది.

"ఆరో లెక్క చూడు. ఇద్దరం బ్రాకెట్ తీసేటప్పుడు మైనస్ మర్చిపోయాం. ఆ తర్వాత ఇద్దరం ఒకేలా చేశాం. నేనేమీ అనను, నువ్వే చదువు."

మారెన్ పేపరు మీద ఎర్ర సిరాతో, "చిన్న పొరపాటే! మిగతాదంతా చక్కగా ఉంది" అని రాసి ఉంది. ఒక్క మార్కు తగ్గింది. బ్రిట్టా పేపరు మీద, "ఇంత తొందరెందుకు? సరిచూసుకోవడం నేర్చుకో" అని రాసి ఉంది. నాలుగు మార్కులు పోయాయి. రెండూ జెనెల్ చేతిరాతే.

"నీ పద్ధతిలో..." అని మొదలుపెట్టింది జెనెల్. మళ్ళీ రెండు పేపర్లూ పోల్చి చూసింది. పద్ధతి ఒకటే, తప్పూ ఒకటే.

"నాకు ఊరికే మార్కులెయ్యమని ఎప్పుడైనా అడిగానా?" అంది బ్రిట్టా. "బళ్ళో అందరిలాగే మిసెస్ హౌగెన్ అని పిలుస్తాను. చెయ్యెత్తితే అందర్నీ అడిగాకే నన్నడుగుతావు. అదీ ఓర్చుకున్నాను. ఇంటికొచ్చాక కూడా మిసెస్ హౌగెనే ఉంటే నాకు అమ్మ ఎక్కడ దొరుకుతుంది?"

ఆర్లన్ కాఫీ కప్పు చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

జెనెల్‌కు సెప్టెంబరు నాటి ఒక ఆదివారం గుర్తొచ్చింది. చర్చిలో ప్రార్థన అయ్యాక అందరూ కాఫీలు తాగుతుంటే వెనకనుంచి ఎవరో, "టీచరమ్మ కూతురికి మార్కులకేం లోటు" అన్నారు. ఎవరన్నారో కూడా తెలియదు. ఆ ఒక్క మాటకు భయపడి, ఆరు నెలలుగా కూతురి పేపరు వచ్చినప్పుడల్లా ఆవిడ చెయ్యి బిగుసుకుంటూ వచ్చింది. నిక్కచ్చిగా ఉంటున్నాననే ఇన్నాళ్ళూ అనుకుంది. డెలానీ పేరు చెప్పి తనను తాను నమ్మించుకుంది కూడా.

"మిగతా పేపర్లు కూడా ఉన్నాయా?" అంది చివరికి.

"అన్నీ దాచాను."

"తీసుకురా. మారెన్‌వి కూడా అడిగి తేగలవా?"

పాన్‌కేకులు చల్లారిపోయాయి. మారెన్ ఇల్లు మూడు వీధుల అవతలే. బ్రిట్టా మంచులో పరిగెత్తి ఆ పిల్ల ఫైలు పట్టుకొచ్చింది. జెనెల్ పెన్సిలు తీసుకుని, ఒక్కో పేపరు మీద పేరున్న చోట ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని దిద్దుకుంటూ పోయింది. గంటన్నర పట్టింది. ఆర్లన్ రెండుసార్లు కాఫీ తెచ్చి పెట్టాడు, ఒక్క జోకూ వెయ్యలేదు.

"నీకు తొంభై రెండు" అంది జెనెల్, పెన్సిలు కింద పెట్టి. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడవాల్సింది కళ్ళజోడు కాదని ముగ్గురికీ తెలుసు. "తప్పు నాది బ్రిట్టా. ఎవరో ఏదో అంటారని నీకు అన్యాయం చేశాను. సోమవారం ప్రిన్సిపాల్‌కి ఈ పేపర్లన్నీ చూపించి చెప్తాను. ఇకమీదట నీ పేపర్లు పక్క ఊరి టీచరు దిద్దేలా అడుగుతాను."

"ప్రిన్సిపాల్‌కి చెప్తే నీకేమైనా అవుతుందా?"

"కాస్త పరువు పోతుంది. పోనీ. దాన్ని కాపాడుకోబోయేగా ఇంతదాకా తెచ్చుకున్నాను." ఫారం దగ్గరికి లాక్కుంది. "ఇప్పుడు మార్కుల సంగతి వదిలెయ్. నిన్ను నేను ఒక్కసారి కూడా అడగలేదు. రెండు లెక్కల క్లాసులూ చదవాలని నీకుందా?"

బ్రిట్టా వెంటనే అవునంటుందని తల్లీ తండ్రీ ఇద్దరూ అనుకున్నారు. పొద్దుటినుంచీ పట్టిన పట్టు వదలని పిల్ల, ఆ ప్రశ్న వినగానే కుర్చీలో కుంగిపోయింది.

"ఉంది" అంది మెల్లగా. "కానీ భయంగా కూడా ఉందమ్మా. డెలానీ నాకంటే తెలివైంది. నాకూ అలాగే అయితే? నువ్వు వద్దంటుంటే నీమీద కోపంలో ఆ భయం తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది." ఏడుపు ఆగలేదు.

జెనెల్ బల్ల చుట్టూ వచ్చి కూతుర్ని దగ్గరికి తీసుకుంది. డెలానీ కూడా ఇలాగే భయపడి ఉంటుందని, ఆ పిల్లను తాను ఒక్కసారీ అడగలేదని అప్పుడు తట్టింది.

"నిద్ర చాలకపోతే చెప్పు. అర్థం కాకపోతే చెప్పు. వద్దనిపిస్తే క్రిస్మస్‌కి ఒకటి మానేద్దాం, నీ క్లారినెట్ ఎక్కడికీ పోదు. ప్రతి ఆదివారం నేనే అడుగుతాను, ఎలా ఉందని. మార్కులు కాదు, నువ్వెలా ఉన్నావని."

"నిజంగా అడుగుతావా?"

"మర్చిపోతే మీ నాన్న గుర్తుచేస్తాడు."

"చేస్తాను" అన్నాడు ఆర్లన్.

బ్రిట్టా చొక్కా చేతితో మొహం తుడుచుకుని, విద్యార్థి పేరున్న చోట సంతకం చేసింది. జెనెల్ పెన్ను అందుకుని తల్లిదండ్రుల గీత మీద సంతకం పెట్టి, ఫారం తిరిగి ఇచ్చేసింది.

"పైన ఆ టిక్కు అలాగే ఉందిగా అమ్మా. టీచరు గడి మార్చలేదు."

"అది సోమవారం బళ్ళో మారుస్తాను" అంది జెనెల్. "ఇప్పుడు నేను ఇంట్లో ఉన్నాను."