ఫ్రిజ్ మెకానిక్ భార్యకు ఒక కవరు

"సాయంత్రం అయిదున్నర కల్లా టీచర్ని పట్టుకో. లొంగకపోతే కాల్చెయ్," అన్నాడు చీఫ్.

ఏజెంట్ 41 పిస్టల్ టూల్ బ్యాగ్‌లో పెట్టుకున్నాడు.

"పరాయి దేశంలో మన మనుషులు పదకొండు మంది ఉన్నారు. వాళ్ళ పేర్ల లిస్టు ఇవాళ ఆ స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేతులు మారుతోంది. ఇచ్చేది టీచరే. తీసుకునేదెవరు? మూడు నెలలుగా ఆ క్లాసులోనే స్టూడెంట్‌లా కూర్చున్నావుగా."

"తెలీలేదు సార్."

చీఫ్ ఒక ప్లాస్టిక్ సంచీ ముందుకు తోశాడు. అందులో నీలం ఊలు చిక్కుపడి ఉంది. "నీ భార్య శాలువా. ల్యాబ్ వాళ్ళు వరస వరసా విప్పారు. మైక్రోఫిల్మ్ లేదు, తీగ లేదు. ఉత్త ఊలు."

ఏజెంట్ 41కి అసలు పెళ్ళే కాలేదు. భార్య కవర్ స్టోరీలో మాత్రమే ఉంది. తనొక ఫ్రిజ్ మెకానిక్, ఆవిడ ఆసుపత్రిలో ఉంది, మంచి ఉద్యోగానికి ఇంగ్లీషు కావాలి. ఆ లేని మనిషి కోసం టీచర్ నెల రోజులు కూర్చుని శాలువా అల్లింది. "ఆవిడకి సరిపోయిందా?" అని అడిగితే, "కొలత తీసినట్టుంది మేడమ్," అన్నాడు. ఉద్యోగంలో వెయ్యి అబద్ధాలాడిన మనిషికి ఈ ఒక్క అబద్ధం ముద్ద దిగనివ్వలేదు.

టీచర్ హైహీల్స్ వేసుకుని, నల్ల కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని పాఠం చెప్పేది. రెండు దేశాలకీ పనిచేస్తోందని ఫైల్లో ఉంది. "కొన్ని వెర్బులు పనులు," అనేది. "పరిగెత్తడం, రాయడం, దొంగిలించడం. కంటికి కనిపిస్తాయి. కొన్ని స్థితులు. తెలిసి ఉండడం, నమ్మడం, ప్రేమించడం. లోపల అలా ఉంటాయంతే. వాటికి ఊరికే ‘ఇంగ్’ తగిలించకండి." ఆ అబద్ధం తాలూకు సిగ్గు రెండో రకమని ఏజెంట్ 41కి అప్పుడే అర్థమైంది. పొద్దున లేచేసరికి అది లోపల ఉండేది, పడుకునేటప్పుడూ ఉండేది.

పోయిన వారం ఆవిడ ఒక కవరు ఇచ్చింది. "మాటకి ముందో ముక్క, వెనకో ముక్క అతికించి కొత్త మాటలు చేసే కార్డులు. మీ ఆవిడకి మంచం మీద పొద్దుపోతుంది."

రూలు ప్రకారం అది ఆ పూటే ల్యాబ్‌కి వెళ్ళాలి. ఆవిరి పట్టి వందల ఉత్తరాలు విప్పిన చెయ్యి దానిమీదికి మాత్రం రాలేదు. సిగ్గేసింది. ఎవరికీ చెప్పకుండా టూల్ బ్యాగ్ అడుగున పడేశాడు.

అయిదూ ఇరవై ఆరు. క్లాసు మెట్ల మలుపులో, పిస్టల్ కోసం బ్యాగ్‌లో చెయ్యి పెడితే ఆ కవరే తగిలింది. తను కాల్చబోతున్న మనిషి ఇచ్చిన కవరు. కనీసం చూడకుండా వెళ్ళడం ఇంకా పాపమనిపించింది. చింపాడు.

ముందువైపు రంగు స్కెచ్ పెన్నుతో ‘హ్యాపీ’, ‘అన్’, ‘నెస్’. వెనకవైపు పెన్సిల్‌తో తెలుగు.

"నేను పూర్తిగా మీ వైపు వచ్చేస్తాను. అసలు లిస్టు డస్టర్ లోపల ఉంది. వాళ్ళకిచ్చేది దొంగ లిస్టు. తీసుకునేవాడు మన క్లాసులో చివరి బెంచీ కళ్ళజోళ్ళ షాపాయన. వచ్చే మంగళవారం అయిదున్నర తర్వాత నేను వాళ్ళకి అక్కర్లేదు. అంతకు ముందే రండి."

ఇవాళే మంగళవారం. ఏజెంట్ 41 మూడేసి మెట్లు ఎక్కాడు.

క్లాసు ఖాళీ అయింది. నల్లబల్ల దగ్గర టీచర్ ఒక్కతే ఉంది. చివరి బెంచీ మనిషి, కళ్ళజోళ్ళ షాపాయన, "చిన్న డౌట్ మేడమ్," అంటూ కళ్ళద్దాల డబ్బా తెరుస్తున్నాడు. అందులో అద్దాలు లేవు. చిన్న పిస్టల్ ఉంది.

పిస్టల్ పైకి లేచేలోపే ఏజెంట్ 41 స్పానర్ అతని మణికట్టు మీద పడింది. గుండు సీలింగ్ ఫ్యాన్‌కి తగిలింది. మూడు నెలల్లో ఆ స్పానర్ ఒక పనికొచ్చింది అప్పుడే.

కారులో టీచర్ డస్టర్‌ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నేనెవరో మీకెలా తెలిసింది?" అడిగాడు.

"మా వాటర్ కూలర్ నాలుగుసార్లు పాడైంది. మీరు నాలుగుసార్లూ సెలవు పెట్టారు."

"భార్య లేదని తెలిసే అల్లారా?"

"ఉందేమోనని అల్లాను. కవరిచ్చి వారమైంది. రోజూ గుమ్మం వంకే చూశాను. ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలన్నీ విప్పుతారు, ఇదొక్కటీ ఎందుకు విప్పలేదు?"

"మొహం చెల్లలేదు మేడమ్. ఆ సిగ్గుతో మిమ్మల్ని చంపేసేవాణ్ణే. నన్ను క్షమించండి."

ఆవిడ సీటు మీదున్న ప్లాస్టిక్ సంచీలోకి తొంగిచూసింది. నీలం ఊలు గుర్తుపట్టడానికి ఆవిడకి ఎంతోసేపు పట్టలేదు.

"ల్యాబ్ వాళ్ళు," అన్నాడు ఏజెంట్ 41, తలెత్తకుండా.

టీచర్ ఊలు కొస వెతికి వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"విప్పాల్సింది విప్పరు. విప్పకూడనిది మాత్రం వరస వరసా విప్పుతారు. ఈ దేశాన్ని నమ్ముకునా నేను పార్టీ మారింది?"