గీతలో అడుగులు

సాయంత్రం టీ తాగుతూ ఉపగ్రహం పంపే బొమ్మలు చూస్తున్నాను. ధ్రువం చుట్టూ ధ్రువకాంతి ఆకుపచ్చ మట్టిగాజులా గుండ్రంగా, నిమ్మళంగా ఉంది. ఆ గాజు ఒకచోట భగ్గుమని చిట్లితే అయస్కాంత తుఫాను మొదలైనట్టు. దాన్ని కనిపెట్టడమే నా ఉద్యోగం.

మంచు మైదానంలో ఉన్న మా కొలతల గదికి తమ్ముడు వెళ్లాడు. వాడు నేను పనిచేసే ఈ ధ్రువ కేంద్రంలోనే మెకానిక్కు. అక్కడి అయస్కాంత కొలత మా తెర మీద గీతగా పడుతుంది. కొన్నాళ్లుగా ఆ గీతలో చిన్న చిన్న నొక్కులు. చూసి రమ్మని పంపింది నేనే. ఆ యంత్రం దగ్గరికి గుండుసూది తీసుకెళ్లినా గీత ఉలిక్కిపడుతుంది. అందుకే బెల్టు, తాళాలు తీయించి, బూట్లు కూడా మార్పించాను.

"ఇంకా నయం, పళ్లు పీకలేదు," అని నవ్వాడు.

బండి దూరంగా ఆపి, వాకీటాకీ అందులోనే వదిలి నడిచి వెళ్లాలి. గదిలో ఉన్నంతసేపూ వాడితో మాట్లాడే దారి లేదు.

గాజు చిట్లింది. సరిగ్గా వాడున్న చోటి పైనే. వెలుగు ధ్రువం వైపు ఎగబాకింది, అన్ని కేంద్రాల గీతలూ ఒక్కసారి కిందికి జారాయి. అది మామూలే. కానీ ఆ గది గీతలో మాత్రం ఒక నొక్కు. ఆగి... ఇంకొకటి.

అడుగులు! బరువైన ఇనుము మోసుకుని ఎవరో నడుస్తున్నారు. నొక్కులు లోతవుతున్నాయి... గది దగ్గరికి వస్తున్నాయి. తమ్ముడి ఒంటి మీద ఇనుము రవ్వంత కూడా లేదు.

ఖాళీ బండిలో నా గొంతే మోగుతుందని తెలిసీ వాకీటాకీలో పిలిచాను. వెళ్దామంటే ఉన్న ఒక్క బండీ వాడి దగ్గరే. గీత అడుగుకంటా పడి, అక్కడే ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చేసింది.

చాలాసేపటికి గీత సర్దుకుంది. వాకీటాకీ గరగరలాడింది.

"అక్కా, పనైపోయింది. బయల్దేరుతున్నాం."

పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే మళ్లీ పోయింది.

"బయల్దేరుతున్నామా? నీతో ఎవర్రా?"

తుఫాను వల్ల నా మాట వాడికి చేరడం లేదు. వాడి మాట మాత్రం చక్కగా వినిపిస్తోంది.

"సాయానికి మనిషిని పంపి మంచి పని చేశావ్. పాపం, చలికి బిగుసుకుపోయాడు, నోరు విప్పట్లేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు."

"దిగు... దిగరా!"

"అక్కా, వింటున్నావా? వదలమంటే వదలట్లేదు. చెయ్యి మొద్దుబారిపోతోంది..."

గరగర. మళ్లీ వాడే, ఈసారి గుసగుసగా.

"ఇప్పుడే నోరు విప్పాడు. నువ్వు చెబితేనే వదులుతాడట. చెప్పక్కా..."

చెబుతూనే ఉన్నాను.