దర్జీ ఇంటి పచ్చ చుక్క

సాయంత్రం ఏడు దాటింది. పొద్దున్నుంచి పట్టిన ముసురు అప్పుడే తెరిపిచ్చింది. చూర్ల నుంచి నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి.

మా వీధి మలుపులో దర్జీ ఇల్లుంది. దర్జీ పోయి ఏడాది దాటింది. ఇంటికి తాళం. కరెంటు వాళ్ళు మీటరు కూడా ఊడబెరుక్కుపోయారు. అయినా చీకటి పడ్డాక లోపల కుట్టుమిషను తిరుగుతుందని చెప్పుకుంటారు. విన్నదెవరయ్యా అంటే మాత్రం ప్రతివాళ్ళూ పక్కింటివాళ్ళని చూపిస్తారు.

నేను నమ్మలేదు. కాకపోతే కూరలకి వెళ్ళినప్పుడు రోడ్డుకి అవతలి పక్కనే నడిచేదాన్ని.

ఆ సాయంత్రం జరిగినదాంట్లో సగం నేను చూసింది. సగం మా అమ్మాయి తరవాత చెప్పింది.

మా మరిదికి ఇంటర్నెట్ పిచ్చి. వీధిలో ఇంటింటికీ ఒక రౌటర్ పెట్టించాడు. కంపెనీ వాడి ప్రోగ్రాం తీసేసి, ఎవరైనా విప్పి చూసుకోగల ప్రోగ్రాం ఏదో ఎక్కించాడు. మధ్యలో తీగలుండవు. మంటలార్పేటప్పుడు జనం బిందెలు చేతులు మార్చినట్టు, ఈ ఇంటి రౌటర్ పక్కింటికి, అది ఆ పక్కింటికి అందిస్తుంది. దాన్ని మెష్ అంటాడు. అలా అన్నప్పుడల్లా గాలిలో రెండు చేతుల వేళ్ళూ అల్లి చూపిస్తాడు. ఆ వేళ్ళు చూడనివాళ్ళు మా వీధిలో లేరు.

నాకు కావలసింది ఒక్కటే — పెద్దత్తయ్య గంట.

మా ఆయన మేనత్త మలుపు అవతల ఒక్కరే ఉంటారు. తుంటి విరిగి ఈమధ్యే లేచారు. ఫోను చేస్తే వినపడదు. అందుకని మంచం పక్కన ఒక బొత్తాం పెట్టాం. ఆవిడ నొక్కితే ఇంటర్నెట్ మీదుగా నా ఫోను మోగుతుంది.

రెండు రోజులుగా ఇంటర్నెట్ పడుతూ లేస్తూ ఉంది. ఆ సాయంత్రం మరీ పడిపోయింది.

"అన్నయ్యా... ఇటు చూడు" అన్నాడు మరిది, గొంతు తగ్గించి.

లాప్‌టాప్‌లో మా వీధి మ్యాపు. ఒక్కో ఇంటికీ ఒక్కో చుక్క. రౌటర్ నడుస్తుంటే పచ్చగా, లేకపోతే బూడిదరంగులో. ఏడాదిగా బూడిదరంగులో ఉన్న ఒక చుక్క పచ్చగా వెలుగుతోంది. దాని పక్కన పేరు — దర్జీ ఇల్లు.

"మీటరే లేని ఇంట్లో రౌటర్ ఎలా నడుస్తుందిరా?" అన్నారు మా ఆయన.

"అదే కదా... పైగా వీధిలో అందరినీ అటే లాక్కుంటోంది. అన్ని ఇళ్ళ డేటా లోపలికి పోతోంది. బయటికి రావడం లేదు."

దర్జీ బతికుండగా మా గుడ్డల సంగతీ అంతే.

కారణం కూడా చెప్పాడు. అప్పట్లో బయటి నుంచి వచ్చే లైను దర్జీ ఇంటికే ఉండేది. వీధికంతటికీ అదే వాకిలి. ఆయన పోయాక లైను మా ఇంటికి మార్చాం. పాత రౌటర్ మాత్రం ఆ ఇంటి అటక మీదే ఉండిపోయింది. తెచ్చుకుందామని అందరూ అన్నారు. ఎవరూ వెళ్ళలేదు.

"ముందు పెద్దత్తయ్యని చూసి రావయ్యా" అన్నాను.

"దారిలోనే కదా వదినా. ఇది తేల్చి అటే వెళ్తా."

సంచి సర్దుకున్నాడు. టార్చి, స్క్రూడ్రైవర్లు, షెల్ఫు మీదున్న అదనపు రౌటరు, దానికో బ్యాటరీ. దారి పొడుగునా సిగ్నల్ కొలవాలట.

"నేనూ వస్తా బాబాయ్" అంది మా అమ్మాయి.

"రా. నిన్ను చూస్తే దెయ్యమే జడుసుకుంటుంది."

మా ఆయన కుర్చీ లాక్కుని లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. "నేను ఇక్కడి నుంచి చూస్తుంటాను. ఎవరో ఒకరు చూడాలి కదా."

వాళ్ళు వెళ్ళారు.

అమ్మాయి ఫోను చేత్తో పట్టుకుని నడిచిందట. గేటు దాటగానే చూసింది. దర్జీ ఇంటి సిగ్నల్ — గీతలన్నీ నిండుగా.

"ఇంత దూరానికే ఇంత బలమా బాబాయ్?"

"ఆ యాంటెన్నా సర్దింది ఎవరనుకున్నావ్?"

మలుపు తిరిగారు. నిండుగానే ఉంది. గేటు తోశారు. నిండుగానే ఉంది. వసారా ఎక్కారు... తలుపుకి తాళం అలాగే ఉంది, బూజు పట్టి. టార్చి వేసి కిటికీ అద్దంలోంచి చూశారు. లోపల వెలుగన్నదే లేదు.

అప్పుడు వినపడింది.

టక్... టక్... టక్...

"కుట్టుమిషను..." అంది అమ్మాయి.

మా మరిది టార్చి చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించాడట. "దర్జీ గారూ... మీ లైను మా ఇంటికి మార్చమన్నది మా అన్నయ్యండీ. నేను కాదు."

టక్... టక్... టక్టక్.

అంతే. పరుగు.

మలుపు దగ్గర అమ్మాయి ఫోను చూసింది. గీతలన్నీ నిండుగా. కరెంటు స్తంభం దాటాక చూసింది. ఒక్క గీత తగ్గలేదు.

"బాబాయ్... మన వెంటే వస్తోంది!"

ఇక్కడ ఇంట్లో మా ఆయన తెరకి ముక్కు ఆనించి కూర్చున్నారు. మా రౌటర్‌కి దర్జీ ఇంటి సిగ్నల్ ఎంత అందుతోందో ఒక అంకె వస్తోంది. వాళ్ళు వెళ్ళాక అది తగ్గింది. ఇప్పుడు పెరుగుతోంది.

"పెరుగుతోందే... ఇంకా పెరుగుతోంది... ఇటే వస్తోంది!"

బయట అడుగుల చప్పుడు.

ఆయన లేచారు. తలుపు దగ్గరికి వెళ్ళారు. నేను తీయడానికనుకున్నాను.

గడియ వేశారు. కింది గడియ. తరవాత పై గడియ — తుప్పు పట్టింది, నా వల్ల కాదని ఏనాడూ ముట్టుకోనిది. ఒక్క తోపుకి పడింది.

"ఏమండీ... పిల్ల బయటుంది."

"ఉండవే. ఆ సిగ్నలెటు పోతుందో ముందు చూడనీ."

తలుపు దబదబ మోగింది. "అమ్మా! అమ్మా, తలుపు!"

నేను వెళ్ళి లాగాను. పై గడియ రాలేదు. మళ్ళీ లాగాను. బొటనవేలి చర్మం లేచింది. వచ్చింది.

ఇద్దరూ గుమ్మంలో పడ్డారు. అమ్మాయి నన్ను పట్టుకుని వదల్లేదు. కుర్చీ వెనక నుంచి మా ఆయన గొంతు — "లోపలికొచ్చేసింది... ఇంతకంటే బలమైన సిగ్నలే లేదు..."



మరిది భుజానికున్న సంచి చూశాను. గుడ్డలోంచి చిన్న వెలుగు. ఆరుతూ... వెలుగుతూ... పచ్చగా.

"ఏమయ్యా... నీ సంచిలో వెలుగుతున్నదేంటి?"

"అదా? అదనపు రౌటరు వదినా. మొన్న సెట్టింగులు ఎక్కించి షెల్ఫు మీద ఆన్ చేసి ఉంచా—"

ఆగాడు.

"ఎవరింటి సెట్టింగులు?" అంది అమ్మాయి.

నసుగుతూ చెప్పాడు. ప్రతిదానికీ మొదటి నుంచి రాసుకోవడం విసుగట. దర్జీ ఇంటి రౌటరు బాగా నడిచిందని దాని సెట్టింగులకి నకలు దాచుకున్నాడు. దాన్నే ఇందులో దింపాడు. పేరు మార్చడం మర్చిపోయాడు. మ్యాపులో చోటూ మార్చలేదు. అంచేత ఈ పెట్టె రెండు రోజులుగా మా షెల్ఫు మీద కూర్చుని, నేనే దర్జీ ఇంటిని, నేనే వాకిలిని అని వీధిలో అందరినీ పిలుస్తోంది. దాని వెనక లైనే లేదు. వచ్చినవన్నీ వచ్చినట్టే మింగేసింది.

"అంటే బాబాయ్, దెయ్యాన్ని భుజానేసుకుని దెయ్యాన్ని వెతికావు."

"మరి ఆ టక్ టక్?" అన్నాడు మరిది, ఇంకా ఆశ చావక.

నేనే సంచిలో చెయ్యి పెట్టి తీగ పీకేశాను.

పచ్చ దీపం ఆరింది.

తరవాత నా ఫోను మోగింది.

పెద్దత్తయ్య గంట. ఆగింది. మళ్ళీ మోగింది. మళ్ళీ... మళ్ళీ... దారి దొరక్క ఆగిపోయినవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. ఎంతసేపటి నుంచి నొక్కుతున్నారో.

చెప్పులు వేసుకోలేదు. పరిగెత్తాను. వెనక అమ్మాయి.

మలుపులో దర్జీ ఇల్లు. ఈసారి అవతలి పక్కకి వెళ్ళలేదు. ఆ గోడ పక్క నుంచే అడ్డదారి. టక్... టక్... వినపడుతూనే ఉంది. అమ్మాయి ఫోను దీపం వేసింది. చూరు నీళ్ళు, బోర్లించిన రేకు డబ్బా మీద. గేటు దగ్గర మా మరిది చెప్పు, ఒక్కటే.

పెద్దత్తయ్య తలుపు తోశాను.

ఆవిడ మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నారు. ఒక చేతిలో కర్ర. రెండో చేతి వేలు బొత్తాం మీద.

"ఎంతసేపు నొక్కాలమ్మాయ్? దర్జీ ఇంట్లో దొంగలు పడ్డారు! కిటికీలోంచి చూశాను. ఇద్దరు. ఒకడు తలుపుకి దణ్ణం పెట్టి, ఏడుస్తూ పారిపోయాడు." కర్ర పక్కన పెట్టారు. "దొంగలకి కూడా గుండెధైర్యం లేకుండా పోయింది."

అమ్మాయి నవ్వింది. నేను మంచం అంచున కూలబడ్డాను. నవ్వు రాలేదు.

ఆ రాత్రికి ఆవిణ్ణి మా ఇంటికి నడిపించుకొచ్చాం. మెల్లగా, చెరో పక్కా పట్టుకుని.

మా గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నారు. తలుపు బార్లా తీసి.

"అందరూ క్షేమంగా వచ్చినట్టేనా?" అన్నారు.

లెక్కపెట్టాను. పెద్దత్తయ్య వచ్చారు. మరిది వచ్చాడు, ఒంటి చెప్పుతో. అమ్మాయి వచ్చింది — ఒకసారి కాదు, రెండుసార్లు. నేనూ వచ్చాను.

ఆయన్ని లెక్కలో వేయలేదు. ఆయన లోపలే ఉన్నారు కదా... గడియ వేసుకుని.