లీకు లేని కారు

"అమ్మాయ్, ఇది మూడోసారి. నీకు ఏసీ పని వచ్చా, లేక కారు కింద నీడగా ఉంటుందని దూరుతున్నావా?"

ఆసుపత్రిలో నర్సమ్మ సూది వేస్తే నొప్పి తెలియదంటారు. ఆమె మాటకు మాత్రం ఆ పేరు లేదు.

మెకానిక్ అమ్మాయి పెదవి కొరుక్కుంది. ఇళ్లకే వెళ్లి కార్ల ఏసీలు బాగుచేసే పని సొంతంగా మొదలుపెట్టి ఏడాది కాలేదు. వచ్చే పనంతా ఒకరి నోట విని మరొకరు పిలిచేదే. నర్సమ్మ అప్పుడే పక్కింటి తాతగారితో, "ఆ పిల్లకు పని రాదు" అనేసింది. ఏసీలో గ్యాసు నింపిన ప్రతిసారీ ఎటో పోతోంది. ఇవాళ కూడా ఆ లీకు దొరక్కపోతే ఇక ఈ వీధిలో పిలిచేవాళ్లుండరు.

"ఇవాళ దొరక్కపోతే నా టూల్‌బాక్సు మీకిచ్చి పోతానండీ."

"నాకెందుకమ్మా ఆ బరువు?" అంటూ నర్సమ్మ ఇంట్లోకి వెళ్లింది.

షెడ్డులో ఆమె కొడుకు మిగిలాడు. బడిలో డ్రాయింగ్ మాస్టారు. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుంటాడు. ఈ అమ్మాయి వచ్చినప్పుడల్లా మంచినీళ్లు తెచ్చి ఇస్తాడు. ఆమె తాగుతున్నంతసేపూ పైపుల వంక చూస్తాడు.

"మాస్టారూ, పైపుల బొమ్మ తర్వాత గీద్దురుగాని, ఆ సబ్బునీళ్లు ఇటివ్వండి."

ఇచ్చాడు. ఆమె ప్రతి అతుకుకూ నురగ రాసింది. గ్యాసు కారే చోట బుడగ లేవాలి. ఒక్కటీ లేవలేదు.

"సరే. పోయినసారి గ్యాసుతో పాటు ఒక రంగు కూడా ఎక్కించాను. ఈ నీలం లైటు కింద పచ్చగా మెరుస్తుంది. దొంగ ఎక్కడున్నా ఇవాళ దొరుకుతాడు. షట్టర్ దించండి."

"దించాలా?" అతని గొంతు పీలగా వచ్చింది.

"చీకటంటే భయమా?"

"చీకటంటే కాదు."

షట్టర్ దిగింది. పైన రేకుల మీద వాన మొదలైంది. ఆమె లైటు పట్టుకుని ఒక్కొక్క పైపూ తడిమినట్టు చూసింది. ఎక్కడా మెరుపు లేదు. చివరికి గ్యాసు ఎక్కించే వాల్వు మూత తీస్తే లోపల పచ్చటి మరక! పోయినసారి దాన్ని తనే శుభ్రంగా తుడిచింది. వాల్వు చూస్తే కారడం లేదు.

"ఆ గుడ్డ అందించండి మాస్టారూ."

గుడ్డతో పాటు అతని చెయ్యి లైటు కిందికొచ్చింది. బొటనవేలి గోరు చుట్టూ మిణుగురు వాలినంత పచ్చటి వెలుగు. వేలి కొన మీద చిన్న బొబ్బ.

ఇద్దరూ ఆ వేలినే చూశారు.

"వాల్వు నొక్కి గ్యాసు వదిలేస్తున్నది మీరా?"

"పొద్దున... కొంచెమే."

"ఆ గ్యాసు చల్లదనానికి చర్మం కూడా కాలుతుంది. తెలుసా?"

"తెలిసింది."

ఆమెకు నవ్వు రాబోయి మధ్యలోనే ఆగిపోయింది. "మీ సరదాకు నా పేరు పోయిందండీ. ఈ చేతులే కదా నాకు ఆధారం!"

"సరదా కాదు." అతను తల దించుకున్నాడు. "కారు బాగైతే మీరు రారు."

"ఆ ముక్క నోటితో చెప్పొచ్చుగా!"

షట్టర్ గడగడా పైకి లేచింది. "దొరికిందా?" అంది నర్సమ్మ.

అమ్మాయి నోరు తెరిచేలోపే మాస్టారు వేలు చాపాడు. "లీకు లేదమ్మా. గ్యాసు నేనే వదిలేశాను."

నర్సమ్మ బొబ్బను చూసింది, అమ్మాయిని చూసింది, కొడుకు నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. "ఒరేయ్, తాతగారి దగ్గర ఈ పిల్లను అన్యాయంగా ఆడిపోసుకున్నాను కదరా! పో, నువ్వే వెళ్లి చెప్పిరా."

అతను వానలోనే పక్కింటి గోడ దగ్గరికి నడిచాడు. తాతగారు వరండాలో కూర్చుని ఉన్నారు.

"తాతగారూ, మెకానిక్ తప్పేం లేదండీ. గ్యాసు నేనే వదిలేశాను."

"ఆఁ? వాన హోరు, వినబడట్లా!"

"నేనే వదిలేశాను!"

"ఎందుకురా?"

మాస్టారు వెనక్కి తిరిగాడు. షెడ్డు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ అమ్మాయి, చెప్పమన్నట్టు కనుబొమ్మ ఎగరేసింది.

"ఆ అమ్మాయంటే ఇష్టం!"

"గట్టిగా ఏడువ్!"

"ఇష్టమండీ! ఆమె ఒప్పుకుంటే పెళ్లి చేసుకుంటా!"

ఎదురింటి కిటికీలు రెండూ తెరుచుకున్నాయి. తాతగారు తాపీగా తల ఊపారు. "మంచిదే. వెళ్లేముందు మా కారు కూడా చూడమను. మాది నిజంగానే పాడైంది."

ముద్దగా తడిసి వచ్చిన మాస్టారికి ఆమె గుడ్డ అందించింది.

"రేపు మా ఇంటికి రండి."

"కారు తేవాలా?"

"కారెందుకు? మా నాన్నకు కాస్త చెవుడు. ఇంత గట్టిగానే చెప్పాలి."