రెండో స్థాయి ప్రమాదం

ఇగ్నాజ్ పెర్క్‌టోల్డ్ శవం ఉత్తర గిన్నె అనే కొండ పల్లం అడుగున, మనిషెత్తు మంచు కింద దొరికింది. ఫెర్నావ్ అనే ఆ కొండ ఊళ్లో మంచు జారే ప్రమాదం ఎంతో రోజూ సూచన రాసేది ఆయనే. ఆ వాలులోకి ఎవరూ దిగొద్దని ముందురోజు రేడియోలో చెప్పిందీ ఆయనే.

స్థానిక పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. వియన్నాలో నిఘా విభాగం డైరెక్టర్ హెడ్విగ్ స్ట్రోల్ మాత్రం శవం ఫొటోను బల్ల మీద ఏజెంట్ కాసియన్ థాలర్ వైపు తోసింది.

"ఏం కనిపిస్తోంది?"

కాసియన్ టిరోల్ కొండల్లో పుట్టాడు. ఫొటోను ఎక్కువసేపు చూడలేదు.

"ముఖం శుభ్రంగా ఉంది మేడమ్."

"అంటే?"

"మంచు కింద ప్రాణంతో ఉన్న మనిషి ఊపిరి వదులుతాడు. ఆ వేడికి ముక్కు ముందున్న మంచు కరిగి మళ్లీ గడ్డకడుతుంది. ఈయన ముఖం మీద ఆ గడ్డ లేదు. మంచు పడేసరికే ప్రాణం లేదు."

"మెడ విరిగింది. విరిచింది మనిషి చేతులు" అంది స్ట్రోల్. "శనివారం ఫెర్నావ్‌లో రెండు పొరుగు దేశాల మంత్రులు సరిహద్దు ఒప్పందం మీద సంతకాలు పెడుతున్నారు. అంతకుముందు ఇద్దరూ కలిసి ఉత్తర గిన్నెలో స్కీ చేస్తారు. పత్రికల కోసం."

"ఒప్పందం ఎవరికి ఇష్టం లేదు?"

"మూడో దేశానికి. దాని ముఠా ఊళ్లో ఉంది. మంత్రుల్ని తుపాకీ చంపితే యుద్ధం వస్తుంది. మంచు చంపితే సంతాప సందేశాలు వస్తాయి."

"పెర్క్‌టోల్డ్ స్థానంలో ఎవరు?"

"మన ఏజెంటే. డాక్టర్ లియోనీ ఐగ్నర్. పక్క లోయలో ఎర్ల్ అనే ఊరి అమ్మాయి. మీరు మంచు గస్తీ దళంలో కొత్త మనిషిగా వెళ్లండి. సూచన ఆమె చూసుకుంటుంది. మంత్రుల్ని మీరు చూసుకోండి."

టెక్నికల్ విభాగం అతనికి పిడిలో ట్రాన్స్‌మిటర్ ఉన్న స్కీ కర్ర ఇచ్చింది. చలిలో అది పనిచెయ్యదని ఫెర్నావ్ చేరిన రోజే తెలిసింది.

లియోనీ ఐగ్నర్ శిఖరం మీద, కేబుల్ కారు ఆగే చోట, వాతావరణ గది ముందు నిలబడి ఉంది. తెల్ల జాకెట్టు, ఎర్ర లిప్‌స్టిక్. గస్తీ కుర్రాళ్లు ఏ పనీ లేకుండా ఆ చుట్టుపక్కలే తిరుగుతున్నారు.

"ఈ ఏడు మార్మట్ ఉడతలు చలినిద్ర లోంచి తొందరగా లేస్తాయంటావా?" అన్నాడు కాసియన్.

"మా తాత ఉంటే లేపేవాడు" అంది ఆమె. కోడ్ సరిపోయింది.

కేబుల్ కారు నడిపే అల్ఫోన్స్ తలుపులోంచి తొంగిచూశాడు. "ఏం డాక్టరమ్మా, కొత్తోడు దొరికాడా? మమ్మల్ని మర్చిపోతావేంటి?"

"నీ మీసాన్ని ఎవరు మర్చిపోతారు అల్ఫోన్స్" అంది లియోనీ. కుర్రాళ్లు ఈలవేశారు.

ఆమె గదిలో సూచన కాగితం గోడకు ఉంది. ఉత్తర గిన్నె, ప్రమాదం ఐదింట్లో రెండో స్థాయి. కాసియన్ కిటికీలోంచి చూశాడు. దక్షిణపు గాలి శిఖరం మీది మంచును ఊడ్చి ఉత్తరం వైపు పోస్తోంది. అంచున మంచు చూరులా వేలాడుతోంది.

"ఈ గాలికి రెండేంటి?"

"యంత్రాలు రెండంటున్నాయి. నువ్వు కాదంటావా?"

కాసియన్ కాదనలేదు. ఆమె డాక్టరేటు మంచు మీదే.

శుక్రవారం సాయంత్రం హోటల్ భోజనశాల నిండిపోయింది. మంత్రుల అంగరక్షకులు గోడ వారగా కూర్చుని లివర్ ముద్దల సూప్ తాగుతున్నారు. హోటల్ యజమానురాలు వాల్బుర్గాకు డెబ్బై దాటాయి. కౌంటర్ వెనక నిలబడి ఎవరి తాళం వాళ్లకు ఇస్తోంది. లియోనీ చెయ్యి చాపింది.

"నా తాళం ఇస్తావా?"

వాల్బుర్గా చెయ్యి ఆగింది. "ఏమన్నావమ్మా?"

"తాళం. నువ్వు పక్కన పెట్టావు చూడు, అదే."

పక్క బల్ల దగ్గర నవ్వులు ఆగిపోయాయి. లియోనీ చుట్టూ చూసి నవ్వింది. "వెయ్యి మీటర్ల ఎత్తు దాటాక ఎవర్నైనా నువ్వనడమే కదా! మనం పధ్నాలుగు వందల మీద ఉన్నాం."

ఎవరో పకపకా నవ్వారు. కాసియన్ కూడా నవ్వాడు. వాల్బుర్గా తాళం కౌంటర్ మీద పెట్టింది, చేతికి ఇవ్వలేదు.

పొద్దున కాఫీ పోస్తూ ఆవిడ ఆ మాట మళ్లీ ఎత్తింది. "మా కోడలు పెళ్లైన పదేళ్లకి కూడా నన్ను నువ్వనలేదు థాలర్ గారూ. ఆ పిల్లది ఏ ఊరు?"

"ఎర్ల్ అండీ."

"అబద్ధం. ఎర్ల్‌లో మా చెల్లెలుంది. ఆ ఊరు మనకంటే ఎత్తు. అక్కడ బడిపిల్లలు కూడా మంగలిని మీరంటారు."

కాసియన్ కప్పు కింద పెట్టాడు.

కొండ మీద, స్కీల మీద, గుడిసెలో ఒకే బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు ఎంత పెద్దవాడైనా నువ్వే. ఇళ్లు, కొట్లు, చర్చి ఉన్న చోట పెద్దవాళ్లు మీరు. ఊరు ఎంత ఎత్తున ఉన్నా అంతే. ఎవరూ మీటర్లు లెక్కపెట్టరు. మీటర్లు లెక్కపెట్టేది ఈ లోయల్ని కాగితం మీద నేర్చుకున్న మనిషి. ఎర్ల్‌లో పెరిగిన లియోనీ ఐగ్నర్ ఎవరో, ఆ అమ్మాయి ఇప్పుడు బతికుందో లేదో కాసియన్‌కు తెలియదు. శిఖరం మీద ఉన్నది మాత్రం ఆమె కాదు. సూచన రాసింది కూడా ఆమె కాదు. కోడ్ మాట ఆ అమ్మాయి దగ్గర్నుంచే రాబట్టి ఉంటారు.

వియన్నాకు ఫోన్ కలపమన్నాడు. లైన్ తెల్లారకముందు నుంచీ లేదంది వాల్బుర్గా. మంత్రులు అప్పటికే పైకి వెళ్లే కేబుల్ కారు ఎక్కారు.

తరవాతి కారులో అల్ఫోన్స్ తప్ప ఎవరూ లేరు. "నిన్ను దక్షిణం వైపు గస్తీకి పంపమంది డాక్టరమ్మ."

"నన్ను చూడలేదనుకో. మంత్రుల్ని ఆపగలవా?"

"నన్ను అంగరక్షకులు మూత్రానికి కూడా వెళ్లనివ్వట్లేదు. నేనేం ఆపుతాను?"

కాసియన్ రేడియో నొక్కాడు. చప్పుడు లేదు. పొద్దున గస్తీ రేడియోలన్నిటికీ బ్యాటరీలు మార్చింది లియోనీయే.

పైన కారు దిగి, రాళ్ల వెనక నుంచి ఉత్తర గిన్నె అంచుకు చేరాడు. పారతో మోకాలి లోతు తవ్వాడు. పైన గాలి పోసిన గట్టి పలక. దాని కింద చక్కెరలా జారే పొర. పార వెనక్కి తియ్యకముందే పలక ముక్క దానంతట అదే జారి వాలులోకి వెళ్లిపోయింది. ఐదింట్లో నాలుగు. ఇంకా ఎక్కువే కావచ్చు.

మంచు చూరు కింద గస్తీవాళ్ల పసుపు జెండా ఒకటి పాతి ఉంది. అక్కడ జెండా పాతే పని గస్తీకి లేదు. కాసియన్ మంచు తప్పించాడు. పేలుడు మందు సంచి, ఏంటెన్నా, సంచి చుట్టూ సన్నటి తీగ. తీగ తెగినా పేలేటట్టు కట్టారు. సంచిని పీకడం కుదరదు.

గిన్నెకు అవతలి కొసన, మోకాళ్ల వరకే మంచున్న రాతి వెన్ను మీద, మంత్రులిద్దరూ కళ్లద్దాలు సర్దుకుంటున్నారు. ఫొటోగ్రాఫర్లు ఉన్నారు. కాస్త వెనక తెల్ల జాకెట్టు. కుడి చెయ్యి జేబులో ఉంది.

కాసియన్ అరిచాడు. గాలి ఎదురు కొట్టింది. రెండు చేతులూ ఊపాడు. మంత్రులు కూడా చేతులు ఊపారు. ఆ ఫొటో మర్నాడు నాలుగు పత్రికల్లో వచ్చింది.

తెల్ల జాకెట్టు మాత్రం చెయ్యి ఊపలేదు. అతన్ని గుర్తుపట్టింది. వంగి, మంత్రులిద్దరిలో వయసులో పెద్దాయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన తలూపి స్కీలు వాలు వైపు తిప్పాడు.

మంచులో కూరుకుపోతే జాడ తెలియడానికి గస్తీవాళ్లు నడుముకు ఎర్ర తాడు కట్టుకుంటారు. కాసియన్ అది విప్పి ఒక కొస తీగకు ముడేశాడు. రెండో కొస చేతికి చుట్టుకుని, పక్కనున్న రాతి వెనక్కి దొర్లి, లాగాడు.

పేలుడు పెద్దగా వినిపించలేదు. చూరు ఊడిపడింది. గిన్నె అంతా ఒక్క గీతలో పగిలింది. ఆ గీత వాలుకు అడ్డంగా పరిగెత్తి, పెద్ద మంత్రి స్కీల కొసల ముందు ఆగింది. దాని కింద ఉన్నదంతా కదిలి వెళ్లిపోయింది. పొడి లేచి మనుషుల్ని కప్పేసింది. అది విడిపోయేసరికి మంత్రి నిలబడి ఉన్నాడు. ఆయన స్కీల కొసలు శూన్యంలోకి చాచుకుని ఉన్నాయి. ఒక అంగరక్షకుడు ఆయన్ని కాలరు పట్టుకుని వెనక్కి లాగాడు.

కాసియన్ రాతి వెన్ను మీదుగా వాళ్లను చేరేసరికి లియోనీ మంత్రికి ధైర్యం చెబుతోంది. "నీ అదృష్టం. నేను రెండన్నాను, కొండ వినలేదు."

కాసియన్ ఆమె మణికట్టు పట్టుకుని జేబులోంచి బయటికి లాగాడు. చేతిలో బటన్ ఉన్న చిన్న డబ్బా ఉంది. అంగరక్షకుల తుపాకులు లేచాయి.

ఆమె పెనుగులాడలేదు. "ఎక్కడ తప్పు చేశాను?"

"కౌంటర్ దగ్గర. పెద్దావిణ్ణి నువ్వన్నావు."

"వెయ్యి మీటర్లు..."

"అది కొండ మీద మాట. కొండకి మాత్రమే."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "ఇప్పుడు కొండ మీదే ఉన్నాం. నువ్వు నన్ను వదిలేస్తే మా వాళ్లు ఎంతైనా..."

"మీ మాటలు ఇక మా డైరెక్టర్ గారు వింటారు" అన్నాడు కాసియన్. శిఖరం మీద అతను ఒక మనిషిని మీరు అనడం అదే మొదటిసారి.

సంతకాలు మధ్యాహ్నం హోటల్ భోజనశాలలో జరిగాయి. టెలిఫోన్ బాగుచేశాక స్ట్రోల్ లైనులోకి వచ్చింది.

"బాగా చేశారు థాలర్. ఇంకొక్క పని. రేపటి సూచన రాసే మనిషి లేడని రేడియో వాళ్లు నా ప్రాణం తోడేస్తున్నారు. మీరే ఏదో ఒకటి చెప్పండి."

కాసియన్ కిటికీలోంచి పైకి చూశాడు. ఉత్తర గిన్నెలో నల్లరాయి, నిరుటి గడ్డి బయటపడి ఉన్నాయి.

"రాసుకోండి మేడమ్. ఉత్తర గిన్నెలో ప్రమాదం ఒకటో స్థాయి. స్కీయింగ్ కుదరదు. మంచంతా అడుగుకి దిగిపోయింది."